కథాచిత్రాల ప్రపంచ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మొట్టమొదటి కథాచిత్రం ఏది?

ఒక్క పేరు చెప్పి ఊరుకునే ప్రశ్న కాదిది. కథ అంటే మీ ఉద్దేశంలో ఏమిటన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి చూపించిన పది చిట్టి చిత్రాల్లో ఒకటి తోటమాలిది. మాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పడుతుంటాడు. వెనక నుంచి ఓ కుర్రాడొచ్చి గొట్టాన్ని తొక్కుతాడు. నీళ్లు ఆగిపోతాయి. ఏమైందా అని మాలి గొట్టం మూతిలోకి చూస్తాడు, కుర్రాడు కాలు తీస్తాడు, ముఖమంతా తడిసిపోతుంది. నిమిషం కూడా లేని ఈ చిత్రంలో కారణం ఉంది, ఫలితం ఉంది, శిక్ష కూడా ఉంది. ఆ శిక్ష పడే చోటు గమనించండి. పారిపోతున్న కుర్రాణ్ణి మాలి పట్టుకుని, ఈడ్చుకుంటూ మళ్లీ కెమెరా ముందుకు తెచ్చి మరీ కొడతాడు. కెమెరా కదలదు కాబట్టి కథే కెమెరా దగ్గరికి రావాలి. తొలి పదేళ్ల సినిమా ఎలా ఆలోచించిందో ఆ ఒక్క కదలికలో కనిపిస్తుంది.

గోమోన్ సంస్థలో పనిచేసిన ఆలిస్ గీ 1896లోనే ఒక కల్పిత కథను తీశానని రాసుకున్నారు. ఇప్పుడు చూడడానికి దొరుకుతున్న ప్రతి 1900 నాటిది. గంటకు పైగా నిడివి ఉన్న తొలి కథాచిత్రమైతే ఆస్ట్రేలియాది. కెల్లీ ముఠా కథతో 1906 డిసెంబరు 26న మెల్బోర్న్‌లో విడుదలైంది. ఇవాళ దానిలో పావుగంటకు కాస్త పైన మాత్రమే మిగిలింది.

లూమియేర్ సోదరుల రైలు చిత్రం చూసి, రైలు మీదికొస్తోందని జనం హాల్లోంచి పారిపోయారట, నిజమేనా?

తొక్కిసలాట జరిగిందని ఆనాటి పత్రికల్లో గానీ, పోలీసు రికార్డుల్లో గానీ ఆధారం దొరకలేదు. పైగా రైలు చిత్రం తొలి రోజు ప్రదర్శించిన పదింటిలో లేదు, 1896 జనవరిలో గానీ జనం ముందుకు రాలేదు. ప్రేక్షకులు ఉలిక్కిపడి ఉండవచ్చు. అంతకు మించి చెప్పడం ఆనాటి మనుషుల తెలివిని తక్కువ చేయడమే.

తొలి సినిమాలు అంత పొట్టిగా ఎందుకుండేవి?

ఫిలిం పొడవు వల్ల. లూమియేర్ యంత్రంలో పట్టేది దాదాపు 17 మీటర్లు. చేత్తో హ్యాండిల్ తిప్పితే సుమారు 50 సెకన్లలో అయిపోయేది. తర్వాత 1000 అడుగుల రీలు, అంటే సుమారు 305 మీటర్లది, వ్యాపారంలో ప్రమాణమైంది. 35 మి.మీ. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములుంటాయి. అంటే సెకనుకు 16 ఫ్రేముల వేగంతో నడిపితే సెకనుకు ఒక అడుగు. ఒక రీలు 16 నిమిషాల 40 సెకన్లు వస్తుంది. టాకీల వేగమైన 24 ఫ్రేముల్లో అదే రీలు 11 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది.

ఈ లెక్క కంఠతా పట్టదగినది, ఎందుకంటే కథనంలోని చాలా అలవాట్లు దీని నుంచే పుట్టాయి. ఒక్క రీలులో కథ ముగియాలంటే పరిచయాలకు సమయం చాలదు. దొంగ ఎవరో, దొర ఎవరో దుస్తులు చూడగానే తెలిసిపోవాలి. చిత్రాలు అనేక రీళ్లకు పెరిగాక హాలులో రెండు ప్రొజెక్టర్లు పెట్టి ఒకటి అయిపోగానే రెండోది అందుకునేలా చేశారు. పాత ప్రింట్లలో తెర పైన కుడిమూలన తళుక్కుమనే చుక్కలు దానికే. మొదటి చుక్క రీలు ముగియడానికి దాదాపు 8 సెకన్ల ముందు, మోటారు వేయమని. రెండోది దాదాపు ఒక సెకను ముందు, మారిపొమ్మని. 1948లో హిచ్‌కాక్ కట్ లేకుండా సాగినట్టుండే చిత్రం తీసినప్పుడు పది నిమిషాలకోసారి షాట్ ఆపాల్సి వచ్చింది, కొన్నిచోట్ల దాన్ని దాచడానికి ఎవరి వీపు మీదికో కెమెరాను తీసుకెళ్లి తెర నల్లబడేలా చేశాడు. అక్కడ కెమెరా మేగజైన్‌లో, అంటే ఫిలిం పెట్టెలో, ఫిలిం అయిపోయేది మరి. 2002లో వచ్చిన ‘రష్యన్ ఆర్క్’ ఆ అవసరం లేకుండానే, గంటన్నర పైగా ఒకే షాట్‌లో సాగింది. హార్డ్ డిస్కు మీదికి నేరుగా రికార్డు చేయడం వచ్చాకే అది కుదిరింది.

కట్ చేసి కథ చెప్పవచ్చని ఎవరు కనిపెట్టారు?

ఏ ఒక్కరూ కాదు. ఎక్కడెక్కడో పనిచేస్తున్నవాళ్లు ముక్కలు ముక్కలుగా కనుక్కున్నారు. ఫ్రాన్స్‌లో దర్శకుడు మెలియస్ కెమెరా ఆపి, మనిషిని పక్కకు పంపి, మళ్లీ నడిపి మనుషుల్ని మాయం చేశాడు. 1902లో ఆయన తీసిన చంద్రయాత్ర పావుగంట దాకా సాగుతుంది గానీ, ప్రతి దృశ్యమూ నాటకం రంగంలాగే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ దగ్గర జి.ఎ. స్మిత్ 1900లో ఓ పిల్లవాడు భూతద్దంతో చూసే వస్తువుల్ని పెద్దవిగా, గుండ్రటి చట్రంలో చూపించాడు. పాత్ర చూసేదాన్ని ప్రేక్షకుడూ చూడడం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ 1903లో తీసిన అగ్నిమాపక సిబ్బంది చిత్రం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మంటల్లో చిక్కిన తల్లీబిడ్డల్ని రక్షించే ఘట్టం ముందు గది లోపలి నుంచి మొత్తం చూపిస్తారు. సిబ్బందిలో ఒకడు వస్తాడు, తల్లిని కిటికీలోంచి దించుతాడు, మళ్లీ వచ్చి బిడ్డను తీసుకెళ్తాడు. ఆ తర్వాత అదే ఘట్టం మొదటి నుంచి చివరిదాకా వీధిలోంచి మళ్లీ వస్తుంది. మనకది తప్పులా అనిపిస్తుంది. అప్పటివాళ్లకు కాదు. ఒక చోట జరిగింది పూర్తిగా చూశాక ఇంకో చోటు నుంచి చూద్దాం అన్నది వాళ్ల తర్కం. 1940లలో ఈ చిత్రానికి మరో ప్రింటు దొరికింది. అందులో లోపలి, బయటి షాట్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వస్తాయి. అది చూసి సమాంతర ఎడిటింగ్ 1903లోనే పుట్టిందని చరిత్రకారులు చాలాకాలం రాశారు. కానీ అమెరికాలో 1912 వరకు సినిమాకు సినిమాగా కాపీరైటు లేదు కాబట్టి నిర్మాతలు ఫ్రేములన్నీ కాగితం చుట్టల మీద ఫొటోలుగా ముద్రించి దాఖలు చేసేవారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని ఆ కాగితం ప్రతితో పోల్చిచూస్తే అసలు వరస తేలింది. రెండో ప్రింటును తర్వాతెవరో కొత్త అలవాటుకు తగ్గట్టు కత్తిరించి అతికించారు. ఎవరు ముందన్న వాదనకు దిగే ముందు ఏ ప్రతి చూశారో అడగమనడం ఇందుకే.

మరి అమెరికా దర్శకుడు గ్రిఫిత్ సంగతి? క్లోజప్, సమాంతర ఎడిటింగ్ ఆయనవే అంటారు కదా.

రెండూ ఆయనకు ముందే ఉన్నాయి. 1908 నుంచి వరసగా వందల ఒంటి రీలు చిత్రాలు తీస్తూ వాటిని రోజువారీ పనిముట్లుగా మార్చిన ఘనత మాత్రం ఆయనదే. ఇంట్లో చిక్కుకున్న కుటుంబం, తలుపు పగలగొడుతున్న దొంగలు, దూరం నుంచి పరుగెత్తుకొస్తున్న తండ్రి, ఈ మూడింటి మధ్య కట్ చేసే కొద్దీ షాట్లు చిన్నవవుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఇదే నైపుణ్యాన్ని 1915లో నల్లజాతివారిని రాక్షసులుగా, తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపడానికి వాడాడు. ఆ చిత్రం వచ్చిన ఏడాదే క్లాన్ మళ్లీ ప్రాణం పోసుకుంది. అంత బలంగా పనిచేసే ఎడిటింగ్‌ను మెచ్చుకుంటూ అది దేనికి పనిచేసిందో చెప్పకపోవడం చరిత్ర రాయడం కాదు.

కూలెషోవ్ ప్రయోగం అంటే ఏమిటి? ఇంట్లో చేసి చూడవచ్చా?

తప్పకుండా చేయాలి, చదివితే నమ్మకం కలగదు. విప్లవం తర్వాత రష్యాలో ముడిఫిలిం కరువు. 1919లో మాస్కోలో మొదలైన సినిమా పాఠశాలలో లెవ్ కూలెషోవ్ పాత చిత్రాల ముక్కలతోనే పాఠాలు చెప్పేవాడు. నటుడు మొజూహిన్ ముఖం ఒకే షాట్‌ను సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, మరోచోట మరో దృశ్యం పక్కన అతికిస్తే, ప్రేక్షకులు ఆకలిని, దుఃఖాన్ని, ప్రేమను చూశారట. ఆ ఫిలిం మిగల్లేదు. మూడో దృశ్యం ఏదన్న దాని మీద చెప్పినవాళ్ల మాటలే కలవవు.

ఫోనుతో చేసే పద్ధతి ఇది. ఒక మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఛాతీ పై నుంచి, కెమెరాకు కాస్త పక్కగా చూస్తుండగా 15 సెకన్లు తీయండి. నటించవద్దని చెప్పండి. తర్వాత ఒక అన్నం పళ్లెం, నిద్రపోతున్న పాప, పగిలిన వస్తువు, ఒక్కోటి 4 సెకన్లు. ముఖం 4 సెకన్లు, వస్తువు 4, మళ్లీ అదే ముఖం 4, ఇలా మూడు ముక్కలు కూర్చి ఒక్కొక్కరికి ఒక్కటే చూపించి ఏమనిపించిందో అడగండి. మూడూ ఒకరికే చూపిస్తే గుట్టు తెలిసిపోతుంది. సాధారణంగా చెడేది రెండు చోట్ల. ముఖం ఎడమకు చూస్తుంటే వస్తువును కూడా ఎడమవైపు చూస్తున్న మనిషి కంటితోనే, ఆ ఎత్తు నుంచే తీయాలి. లేకపోతే రెండూ ఒకే గదిలో ఉన్నాయని మెదడు ఒప్పుకోదు. రెండోది వెలుతురు. ముఖం మీద పగటి వెలుగు, వస్తువు మీద బల్బు వెలుగు పడితే ప్రయోగం అక్కడితో సరి.

మూకీల్లో మనుషులు గెంతుతూ నడుస్తారెందుకు? సరైన వేగం ఎలా తెలుసుకోవాలి?

తీసినప్పుడు సెకనుకు 16, 18, 20 ఇలా రకరకాల వేగాలతో తీశారు. దాన్ని 24తో నడిపితే గెంతుతారు. హ్యాండిల్‌ను సెకనుకు రెండు చుట్లు తిప్పితే, చుట్టుకు 8 చొప్పున 16 ఫ్రేములు. కెమెరామన్ చెయ్యి సన్నివేశాన్నిబట్టి మారేది కూడా.

సరిచూసుకోవడానికి ఫిలిం పొడవు తెలిస్తే చాలు. మీటరుకు సుమారు 52.5 ఫ్రేములు. మీటర్లను 52.5తో గుణించి, వేగంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 1800 మీటర్ల చిత్రం 16 ఫ్రేముల్లో 98 నిమిషాలు, 20లో 79, 24లో 66. మీ చేతిలోని ప్రతి 66 నిమిషాలే ఉంటే అందులో సన్నివేశాలు పోయాయని వెంటనే అనుకోకండి, వేగంగా నడిపి ఉండవచ్చు. పొడవు తెలియకపోతే కిందపడే నీళ్లు, పొగ, గుర్రం నడక, కుర్చీలో కూర్చునే మనిషి బట్టల మడతలు చూడండి. బరువు మోసం చేయదు. ఒక హెచ్చరిక. హాస్య చిత్రాలను కావాలనే నెమ్మదిగా తిప్పి తీసేవారు, తెర మీద వేగంగా కనిపించాలని. 1920ల చివరికి హాళ్లలో నడిపే వేగం 24 దాకా వెళ్లింది కూడా. అన్నిటినీ 16కు దించితే ఆ నవ్వు చచ్చిపోతుంది.

మూకీలను నిజంగా నిశ్శబ్దంగానే చూసేవారా?

దాదాపు ఎక్కడా కాదు. పియానో నుంచి పెద్ద వాద్యబృందం దాకా ఏదో ఒకటి ఉండేది. జపాన్‌లో బెన్షీ అనే వ్యాఖ్యాత తెర పక్కన నిలబడి కథ చెబుతూ, అన్ని పాత్రల మాటలూ తానే పలికేవాడు. పోస్టర్ల మీద తారల కంటే పెద్దగా పేరు పడ్డ బెన్షీలున్నారు. అందుకే జపాన్‌లో మూకీలు 1930ల మధ్య దాకా బతికాయి. దర్శకుడు ఒజు 1932లో తీసిన పిల్లల చిత్రం మూకీయే, అది ఆ కళ శిఖరాల్లో ఒకటి.

మూకీకి ఇంకో వరం ఉండేది. టైటిల్ కార్డుల ముక్కలు తీసేసి మరో భాషవి అతికిస్తే చిత్రం ఏ దేశానికైనా వెళ్లిపోయేది.

మాట వచ్చాక సినిమా కొన్నాళ్లు చెడిపోయిందంటారు. ఎందుకు?

1927 అక్టోబరు 6న విడుదలైన ‘జాజ్ సింగర్’ శబ్దం ఫిలిం మీద లేదు, డిస్కు మీద ఉంది. 16 అంగుళాల డిస్కు, నిమిషానికి 33⅓ చుట్లు, ముల్లు లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఒక పక్క సరిగ్గా ఒక రీలుకు సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే ఫిలిం తెగితే ఆపరేటరు పాడైన ఫ్రేములు కోసి అతికిస్తాడు. డిస్కుకు ఆ సంగతి తెలియదు. 12 ఫ్రేములు పోతే అక్కడి నుంచి రీలు చివరిదాకా పెదవులు మాట కంటే అర సెకను ముందు నడుస్తాయి. కోసినన్ని ఫ్రేములు నల్ల ఫిలిం లెక్కపెట్టి కలపడమే దారి. కొన్నేళ్లలోనే శబ్దాన్ని ఫిలిం అంచునే ముద్రించే పద్ధతి గెలవడానికి ఇదొక కారణం. అందులో శబ్దాన్ని తన బొమ్మకు దాదాపు 20 ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు, ప్రొజెక్టర్‌లో శబ్దం చదివే చోటు బొమ్మ పడే చోటుకు కింద ఉంటుంది కాబట్టి.

కెమెరా మోత మైకులో పడకుండా కెమెరానూ కెమెరామన్‌నూ కలిపి అద్దాల గదిలో పెట్టి మూసేశారు. 1924లో జర్మన్ దర్శకుడు మూర్నౌ చిత్రంలో ఛాతీకి కట్టుకుని తిప్పిన కెమెరా ఐదేళ్లు తిరక్కుండా పెట్టెలో బందీ అయింది. నటులు పూలకుండీలో దాచిన మైకు దగ్గరే నిలబడి మాట్లాడాలి. హాలీవుడ్ దర్శకురాలు డొరొతీ ఆర్జ్‌నర్ 1929లో మైకును చేపల గాలం కర్రకు వేలాడదీయించి, నటిని నడవనిచ్చింది. బొంబాయిలో 1931 మార్చి 14న విడుదలైన ‘ఆలం ఆరా’ షూటింగు ఎక్కువగా రాత్రిళ్లు జరిగింది, స్టూడియో పక్కనే రైలు పట్టాలు మరి. వాద్యగాళ్లు కెమెరాకు కనపడకుండా దాక్కుని వాయించారు, పాటను తర్వాత కలపడం అప్పటికి లేదు.

భాష గోడ కూడా అప్పుడే లేచింది. డబ్బింగ్ కుదిరేదాకా ఒకే సెట్టులో వేర్వేరు నటులతో వేర్వేరు భాషల్లో తీశారు. 1931 ‘డ్రాకులా’ను పగలు ఇంగ్లీషులో, రాత్రి స్పానిష్‌లో తీశారు. రెండూ దొరుకుతాయి. పక్కపక్కన పెట్టుకుని చూస్తే దర్శకత్వం అంటే ఏమిటో అర్థమవుతుంది.

యుద్ధం తర్వాత కెమెరా వీధిలోకి ఎందుకొచ్చింది?

ఇటలీలో చినెచిట్టా స్టూడియో శరణార్థి శిబిరమైపోయింది, వీధులే మిగిలాయి. 1948లో దర్శకుడు డి సికా సైకిల్ పోగొట్టుకున్న కార్మికుడి పాత్రకు నిజంగానే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని పెట్టుకున్నాడు. మాటలు తర్వాత స్టూడియోలో కలిపేవారు కాబట్టి వీధి మోత అడ్డు కాలేదు. ఈ రెండో సంగతి చాలామంది వదిలేస్తారు గానీ, అది లేకపోతే మొదటిది జరిగేది కాదు.

పారిస్‌లో 1959 ఆగస్టు, సెప్టెంబరుల్లో దర్శకుడు గొడార్ తొలి పెద్ద చిత్రానికి కెమెరామన్ కుటార్‌కు లైట్లు లేకుండా రాత్రి తీయగల వేగమైన ఫిలిం కావాల్సి వచ్చింది. అది ఫొటో కెమెరాలకు మాత్రమే, 17.5 మీటర్ల చుట్టలుగా దొరికేది. వాటిని ఒకదానికొకటి అతికించి కెమెరాకెక్కించారు. ట్రాలీ బదులు చక్రాల కుర్చీ. ఎడిటింగ్‌లో చిత్రం మరీ పొడవైంది. సన్నివేశాలు తీసేయకుండా షాట్ల మధ్యలోంచే ముక్కలు కోసేశారు. కారులో కూర్చున్న అమ్మాయి మెడ ఉన్నచోటే ఉండగా వెనకాల వీధి దభీమని మారిపోయే ఆ జంప్ కట్లు అలా వచ్చాయి.

ఈ చరిత్రంతా అమెరికా, ఐరోపాలదేనా?

కాదు, అలా రాసిన పుస్తకాలను పక్కన పెట్టమనే చెబుతాం. హాలీవుడ్ సూత్రం ప్రకారం ఇద్దరు మాట్లాడుకుంటుంటే కెమెరా వాళ్ల మధ్య గీతకు ఒకే పక్కన ఉండాలి, లేకపోతే చూపులు కలవవు. ఒజు జీవితమంతా ఆ గీతను దాటుతూనే తీశాడు. కెమెరాను చాప మీద కూర్చున్న మనిషి కంటి కంటే కిందికి దించి, దాదాపు ఎప్పుడూ 50 మి.మీ. లెన్సుతోనే. అయినా ‘టోక్యో స్టోరీ’లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఒక్క క్షణం కూడా తికమక ఉండదు. సూత్రం లోకమంతటికీ వర్తించే ధర్మమేమీ కాదు, ఒక ఊరి అలవాటని దాంతో తేలిపోతుంది.

ఆఫ్రికాలో సినిమా ఆలస్యానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, చట్టం. ఫ్రెంచి వలసల్లో సినిమా తీయాలంటే అధికారుల అనుమతి కావాలని 1934లో శాసనం తెచ్చారు. సెనెగల్ నవలాకారుడు ఉస్మాన్ సెంబేన్ తన పుస్తకాలు చదవలేని తనవాళ్ల కోసం మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1963లో డకార్ బండివాడి మీద 20 నిమిషాల చిత్రం, 1966లో తొలి పెద్ద చిత్రం, 1968లో తన ప్రజల వొలోఫ్ భాషలో ‘మండబీ’. ఈ మూడూ ఆ వరసలోనే చూడండి. మూడోదానికొచ్చేసరికి పాత్రలు తమ భాషలో మాట్లాడుకోవడం వినగానే, అంతకుముందు ఏది అడ్డుపడిందో తెలిసిపోతుంది.

పాత చిత్రాలు అంతగా ఎందుకు పోయాయి? నా దగ్గర పాత ఫిలిం డబ్బా ఉంటే ఏం చేయాలి?

1950ల తొలినాళ్ల వరకు 35 మి.మీ. ఫిలిం ఎక్కువగా నైట్రేట్, సులువుగా మండే రకం. అంటుకుంటే తన ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. అదీగాక టాకీలు వచ్చాక మూకీలకు మారకపు విలువ లేదని వెండి కోసం కరిగించారు. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో తీసిన 10,919 పెద్ద మూకీల్లో అసలు 35 మి.మీ. రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం.

డబ్బా దొరికితే ముందు గాలి ఆడే చోట, ఎండకూ పొయ్యికీ దూరంగా మూత తీయండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ అనే మరో రకం ఫిలిం, మంట ప్రమాదం తక్కువ, కానీ పక్క డబ్బాలకు అంటుకునే రోగం, వేరుగా పెట్టండి. పసుపుపచ్చగా మారి, జిగురుపట్టి, నురగ తేలి, గోధుమరంగు పొడి రాలుతుంటే చెడుతున్న నైట్రేట్. చుట్టను విప్పవద్దు, ప్రొజెక్టర్‌కు ఎక్కించనే వద్దు, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు. ఫిలిం అంచున ‘సేఫ్టీ’ (సులువుగా మండని రకం) అని ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ప్రింటు తీసేటప్పుడు నెగటివ్ అంచు మీది అక్షరాలు కూడా దీని మీద పడి ఉండవచ్చు. డబ్బా మీది చీటీ ఫొటో తీసి, దగ్గరి ఫిలిం ఆర్కైవ్‌కు ముందు కబురు చేయండి. ఎలా పంపాలో వాళ్లు చెప్పేదాకా బస్సులోనో పార్సిల్‌లోనో వేయకండి.

ఆశ వదులుకోనక్కర్లేదు. జర్మన్ మూకీ ‘మెట్రోపొలిస్’లో 80 ఏళ్లుగా లేని దృశ్యాలు 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఓ 16 మి.మీ. ప్రతిలో బయటపడ్డాయి, దాదాపు 25 నిమిషాలు. 2010 ప్రతిలో గీతలు పడి, ఫ్రేము కొంచెం చిన్నగా, అంచున నల్లగా కనిపించే చోట్లన్నీ అవే. ఆ గీతలు చూసి ప్రతి బాగాలేదనుకుని పాత, శుభ్రమైన, పొట్టి ప్రతికి వెళ్లవద్దు.

ఒక చిత్రాన్ని ఎలా చదవాలి?

పది నిమిషాల ముక్క తీసుకోండి. శబ్దం ఆపి చూడండి, ప్రతి కట్‌కు కాగితం మీద ఒక గీత పెట్టండి. 600 సెకన్లను షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ నిడివి వస్తుంది. 50 షాట్లుంటే 12 సెకన్లు. ఆ అంకె కంటే ముఖ్యం, ఏ చోట అది ఉన్నట్టుండి మారిందన్నది. రెండోసారి చూస్తూ అక్కడక్కడా ఆపి, ఈ కట్ ఇప్పుడే ఎందుకన్నది ఒక్క వాక్యంలో రాయండి. చూపు మారిందా, మాట మారిందా, సమాచారం దాచారా? మూడోసారి బొమ్మ వైపు చూడకుండా శబ్దం మాత్రం వినండి. తెర నిష్పత్తి కూడా సరిచూసుకోండి. వెడల్పు తెరలు వచ్చిన 1953కు ముందు చిత్రం ఇప్పటి మీ వెడల్పు తెర నిండా పరుచుకుని కనిపిస్తే పైనా కిందా కోసేశారనో, ముఖాలు సాగదీశారనో అర్థం. ఆ ప్రతితో ఫ్రేము గురించి ఒక్క మాట కూడా రాసుకోకండి.